నిండుకున్న అరలు

ఆ రోజు పొద్దున ఆకాశం రెండు రకాల గుడ్డలు కలిపి కుట్టినట్టుంది. తూర్పు పక్క ఉతికి ఆరేసిన తెలుపు, పడమటి పక్క ఇంకా నీళ్ళలో నానుతున్న నలుపు. మధ్యలో కుట్టు కూడా కనిపిస్తోంది. గాలి ఆడటం లేదు. వాన వస్తుందో, తప్పించుకుపోతుందో చెప్పడం కష్టం.

అక్క గుమ్మంలోకి వచ్చి, మబ్బు పట్టిందా అని అడిగింది. సగం పట్టిందన్నాను. నాకు మాత్రం మొత్తం పట్టినట్టే ఉంది అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కకి కొంతకాలంగా రోజూ మబ్బే. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎడమ కంటిది ఇంకా లేత. కుడి కంటిది ముదిరిపోయింది. దీపం వెలిగిస్తే దాని చుట్టూ బూజు పట్టినట్టుంటుందట, మనుషులు నీళ్ళలోంచి నడిచి వస్తున్నట్టుంటారట. అక్క బట్టలు కుడుతుంది. మిషను మీద కుట్టు చేతి అలవాటుతో లాగించేది. సూదిలో దారం ఎక్కించడం దగ్గరే వచ్చింది చిక్కు. అందుకని పొద్దున్నే బావ, చేతికి గ్రీజు అంటకముందే, సూదులన్నిటికీ దారాలు ఎక్కించి కిటికీ పక్కన వేలాడే గుడ్డముక్కకి వరసగా గుచ్చేవాడు. తర్వాతే సైకిళ్ళు బాగుచేసే తన కొట్టుకి వెళ్ళేవాడు. ఆ సూదుల దారం అయిపోతే అక్క చేతికుట్టు ఆ రోజుకి అయిపోయినట్టే.

నేను వాళ్ళతోనే ఉంటాను. మందుల డిపోలో వ్యాను నడుపుతాను. డిపో నుంచి చుట్టుపక్కల సర్కారు ఆసుపత్రులకి మందులు చేరవేయడం నా పని. నాకు మాటలు తక్కువ. డిపోలో నన్ను మౌనస్వామి అంటారు. బావకి మాటలు ఎక్కువ. ఇద్దర్నీ కలిపి భాగిస్తే ఒక మామూలు మనిషి వస్తాడని అక్క అంటుంది.

అన్నం తినేటప్పుడు బావ మరీ రెచ్చిపోయేవాడు. ఎవరి సైకిలు గొలుసు ఎక్కడ తెగింది, దారిలో ఎవడు ఎవణ్ణి ఏమన్నాడు, అన్నీ గొంతెత్తి చెప్పేవాడు. అది ఎందుకో నాకు కొన్నాళ్ళకి అర్థమైంది. బియ్యం అక్కే ఏరేది. పళ్ళెంలో పరుచుకుని వేళ్ళతో తడిమి ఏరేది. వేళ్ళకి తగిలిన రాళ్ళు పోయేవి, తగలనివి అన్నంలోకి వచ్చేవి. పంటి కింద రాయి కరకరమన్నప్పుడల్లా బావ గొంతు పెంచేవాడు, అక్కకి ఆ చప్పుడు వినబడకుండా. నేను నమలకుండా మింగేసేవాణ్ణి. బియ్యం తాను ఏరతానని బావ ఒకసారి నోరు జారితే అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఇద్దరం ఆ ఊసెత్తలేదు. ఇంకొకటి కూడా ఉంది. చాలని పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే అక్కకి కనబడదు, చేతి మీదే వడ్డించేసేది. అందుకని మా ఇంట్లో ఎవరైనా నోటితో చెప్పి తీరాలి. నేను కూడా.

కుడి కంటికి ఆపరేషను మర్నాడే. కంటి డాక్టరు మా ఊరి సర్కారు ఆసుపత్రిలో ఉండడు. పై ఊరి నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చి, ఒక్క రోజులో ఆపరేషన్లన్నీ చేసి వెళ్ళిపోతాడు. పోయినసారి అక్కకి రక్తపోటు ఎక్కువుందని వెనక్కి పంపేశాడు. ఈసారి కూడా తప్పితే మళ్ళీ వానాకాలం వెళ్ళాకే. అప్పటికి శుక్లం గట్టిపడితే తియ్యడం కష్టం, తీసినా చూపు ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. అక్క ఆ మాట విన్నప్పటి నుంచి తన కత్తెరని రోజూ తుడిచి పెడుతోంది. ఇక వాడే పని ఉండదేమో అన్నట్టు.

ఆ పూట బావ అక్కని ఆసుపత్రిలో చేర్పించడానికి తీసుకెళ్ళాడు. నేను డిపోకి వెళ్ళి వ్యానులో సరుకు ఎక్కించుకున్నాను. ఎక్కించినవి దూది చుట్టలు. పోయిన వారం కూడా దూదే.

మా ఆసుపత్రి మందుల స్టోరు వెనకవైపు ఉంటుంది. ఉతికిన దుప్పట్లు ఆరేసే తీగల కింద నుంచి తల వంచుకుని వెళ్ళాలి. ఇనప అరల గది, ఒక గోడకి చెమ్మ, ఎత్తుమీద ఒక కిటికీ. దానికి యజమాని అనదగ్గ మనిషి స్టోరు పిన్ని. ఉద్యోగం పేరు వేరే ఉంది గానీ పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. పైట చెంగు బొడ్లో దోపుకుని, తాళాల గుత్తి దాని మీద వేలాడదీసుకుని, ఆ గదిలో ఏ అరలో ఏముందో కళ్ళు మూసుకుని తీసి ఇస్తుంది. అరల మీద చీమ పాకితే ఆ చీమకి కూడా చీవాట్లు పెడుతుంది.

నేను మొదటి చుట్ట దించగానే పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మళ్ళీ దూదేనా? నన్ను పరుపుల కొట్టు పెట్టుకోమంటున్నారా మీ డిపోవాళ్ళు?"

గదిలో దూది పైకప్పు దాకా ఉంది. నీలం కాగితం చుట్టిన చుట్టలు కుర్చీ చుట్టూ కూడా పేర్చి ఉన్నాయి. పిన్ని కూర్చుంటే మబ్బుల్లో కూర్చున్నట్టుంటుంది. మిగతా అరలు మాత్రం బోసిగా ఉన్నాయి. సెలైన్ అరలో రెండు సీసాలు, చేతి తొడుగుల అరలో ఒక చిరిగిన డబ్బా.

కొత్త కంప్యూటరు పద్ధతి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. పూర్వం ఏం కావాలో కాగితం రాసి నా చేతికిచ్చేది, నేను డిపోలో ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు వారానికోసారి పిన్ని తెర ముందు కూర్చుని, ఒక్కో మందు పేరు ఎదురుగా ఉన్న గడుల్లో ఒకటి నొక్కాలి. అది నొక్కగానే డిపో తెర మీద కనబడుతుంది. దాన్ని బట్టి వాళ్ళు పంపుతారు. పిన్నికి ఈ పద్ధతి మొదట నచ్చింది కూడా. అన్నీ తెలుగులో ఉన్నాయి, కళ్ళజోడు పెట్టుకుంటే చాలు అంది. తీరా చూస్తే ఉన్నవే వస్తున్నాయి, అయిపోయినవి రావడం లేదు. పక్క ఆసుపత్రుల్లో అరువు తెచ్చి, బయట కొనుక్కోమని చీటీలు రాయించి, ఎలాగో నెట్టుకొస్తోంది. ఒకసారి డిపోకి ఫోను చేసి సెలైన్ సీసాలు నిండుకున్నాయండీ అని చెబితే, ఎత్తినవాడు చాలా సంతోషమండీ అని పెట్టేశాడట. అది గాక, మీ ఆసుపత్రి అందరికీ ఆదర్శం అని డిపో పెద్దాఫీసరు సంతకంతో ఒక ప్రశంసాపత్రం కూడా దూదితో పాటే వచ్చింది. ఇంత వెటకారం నేనెక్కడా చూడలేదని పిన్ని దాన్ని చెమ్మ గోడ దగ్గర ఎలకల కన్నానికి అడ్డం పెట్టింది.

నేను చివరి చుట్ట దించాక పిన్ని గొంతు తగ్గించింది.

"అబ్బాయ్, మీ అక్కకి రేపే కదా. కంట్లో పెట్టే అద్దాలు నిండుకున్నాయి. పోయినసారే చివరిది వాడేశారు. అప్పట్నుంచి నొక్కుతూనే ఉన్నాను, ఒక్కటీ పంపలేదు. ఇందాకే నర్సుకి చెప్పాను."

శుక్లం తీసి దాని చోట అద్దం పెట్టకపోతే తీసి లాభం లేదు. ఆ అద్దాలు మా బజారులో మందుల కొట్లలో దొరికేవి కావు. ఎక్కడివో తెచ్చి ఇచ్చినా డాక్టరు వాటిని ముట్టుకోడు.

కంటి వార్డుకి వెళ్ళాను. అప్పటికే ఇద్దరు ముసలివాళ్ళు మూటలు సర్దుకుంటున్నారు. అక్క మంచం అంచున కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. కుడి కంటి రెప్పల దగ్గర వెంట్రుకలు కత్తిరించి శుభ్రం చేసి ఉంది. బావ పక్క మంచం ఆయనతో ఏదో నవ్వుతాలాడుతున్నాడు గానీ చెయ్యి అక్క భుజం మీదే ఉంది.

"అద్దాలు రాలేదట కదా. ఇంటికి పోదాం పద తమ్ముడూ," అంది అక్క. గొంతులో ఏమీ లేదు. దారం లేని సూదిలా ఉంది ఆ గొంతు.

"కూర్చో. వస్తాను," అన్నాను.

డిపో ఒక పాత రేకుల గోదాం. లోపల ఎప్పుడూ అట్టపెట్టెల వాసన, చల్లగది మోటారు రొద. ఆ రొద పక్కనే బల్ల వేసుకుని కూర్చుంటుంది కంప్యూటరమ్మాయి. ఆ పేరు మేం పెట్టిందే. చదువయ్యాక నేరుగా ఇక్కడికే వచ్చింది. నన్ను అన్నా అంటుంది. మా ఆసుపత్రికి ఈ పద్ధతి రాకముందు ఆ తెరలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. సగం ఆసుపత్రుల్లో స్టోరు చూసేవాళ్ళు ఎవరో ఒకర్ని బతిమాలి నొక్కించుకునేవారు. ఈ అమ్మాయే పైవాళ్ళ దగ్గర పట్టుబట్టి, సెలవు రోజుల్లో కూర్చుని, ఒక్కో మాటా తెలుగులోకి మార్చింది. మాట ఎక్కడైనా అతకకపోతే గోదాములో ఎవరు ఎదురుపడితే వాళ్ళని ఆపి అడిగేది. నన్ను కూడా అడిగేది, నేను తల ఊపేవాణ్ణి.

కంటి అద్దాలు ఆసుపత్రిలో ఒక్కటీ మిగల్లేదని, రేపు ఆపరేషన్లని, అందులో మా అక్క ఉందని చెప్పాను. నేను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. చేతిలో పని వదిలేసి తెర నా వైపు తిప్పింది. మా ఆసుపత్రి పేరు కింద వరసలు వరసలుగా ఆకుపచ్చ గడులు, మధ్యలో కొన్ని పసుపు. ఎరుపు ఒక్కటీ లేదు.

ఈ ఆసుపత్రిని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలని మీటింగులో అందరికీ చూపించారన్నా అంది. అద్దాల వరస మీద వేలు పెట్టింది. అదీ ఆకుపచ్చే. గోదాములో అద్దాల పెట్టెలు ఉన్నాయట. కానీ అద్దాలు ఖరీదైనవి, గడువు తేదీ ఉన్నవి. ఆకుపచ్చ ఉన్న చోటికి పంపడానికి తెర ఒప్పుకోదు, ఎంత నొక్కినా చీటీ రాదు.

నేను ఫోను తీసి పిన్నికి కలిపి, గొంతు అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాను. ఇన్నాళ్ళూ నేను ఈ ఇద్దరి మధ్యా పెట్టెలు మోశాను గానీ ఒకరి గొంతు ఒకరు వినడం అదే మొదటిసారి.

"కంటి అద్దాలు ఎందుకు పంపలేదమ్మా?" అంది పిన్ని, ముందూ వెనకా లేకుండా.

"మీరే కదా మేడం నిండుకున్నాయని పెట్టారు?"

"పెట్టాను. వారం వారం పెడుతూనే ఉన్నాను."

"మరి నిండుకుంటే ఎలా పంపమంటారు?"

"నిండుకుంటే పంపక, ఇంకెప్పుడు పంపుతావు?"

అమ్మాయి నా వైపు చూసింది, ఈవిడకి బాగానే ఉందా అన్నట్టు. గొంతు మాత్రం నెమ్మదిగానే ఉంచింది. "మేడం, ఇంకో ఆసుపత్రిలో నిజంగా అవసరం ఉండొచ్చు. నిండుకున్న చోటే మళ్ళీ మళ్ళీ పంపితే వాళ్ళ గతేంటి?"

"అంటే నాది అబద్ధపు అవసరమా?"

"అలా అనలేదండీ. నిండుకున్నాయని మీరే అంటున్నారు, పంపలేదని మీరే కోప్పడుతున్నారు. ఏదో ఒకటే చెప్పండి."

"ఒకటే చెబుతున్నాను. నిండుకున్నాయి. తెలుగే కదా మాట్లాడుతున్నాను?" పిన్ని ఊపిరి పీల్చుకోవడం ఇక్కడికి వినబడింది. "అమ్మాయ్, నేను నీకు తల్లి వయసుదాన్ని. ఒక్క ముక్క చెప్పు. మీ ఇంట్లో బియ్యం నిండుకుంటే మీ అమ్మ ఏం చేస్తుంది? డబ్బా చూసి మురిసిపోతూ కూర్చుంటుందా?"

"ఎందుకు కూర్చుంటుందండీ? నన్ను కొట్టుకి తరిమి..."

అక్కడ ఆగిపోయింది.

అమ్మాయి తెర వైపు తిరిగి ఆకుపచ్చ గడిలో ఉన్న మాటని పెదాలతో చదువుకుంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. రెండూ కలిసినట్టున్నాయి.

కాసేపటికి గొంతు సవరించుకుని, "పిన్నిగారూ," అంది. మేడం పోయి పిన్ని వచ్చింది. "ఆ గడిలో నేను రాసింది ఒకటి, మీరు చదివింది ఒకటి."

ముందు నిండుగా ఉంది అనే రాసిందట. గడి ఇరుకు. అక్షరాలు అంచు దాటి బయటికి వచ్చాయి. ఎలా కుదించాలా అని చూసి నిండుకుంది అని రాసింది. గడిలో చక్కగా పట్టింది. ఇంట్లో ఉప్పు నిండుకుందని వాళ్ళమ్మ అంటే తనే వెళ్ళి తెస్తుంది. కానీ ఆఫీసులో, తెర మీద, తన చేత్తో రాసిన మాట ఆ వంటింటి మాటేనని తోచనే లేదు. మిగతా ఆసుపత్రుల్లో ఎవరూ అక్షరాలు చూడలేదు. ఆకుపచ్చ అంటే బాగుంది, ఎరుపు అంటే బాగాలేదు అని రంగు చూసి నొక్కేశారు. పిన్ని ఒక్కతే కళ్ళజోడు పెట్టుకుని, నమ్మకంగా, చదివి నొక్కింది. పిన్ని లెక్కలో ఆకుపచ్చ అంటే బండి కదలమని. గదిలో ఉన్న దూదికి ఉంది అనే పసుపు గడి నొక్కేది, డిపో లెక్కలో పసుపు అంటే కొంచెమే ఉంది, ఇంకా పంపమని.

తర్వాత పిన్ని అడిగింది. "అయితే, చాలా సంతోషమండీ అని ఫోను పెట్టేసినవాడు వెక్కిరించలేదన్నమాట."

"లేదండీ. పాపం నిజంగానే సంతోషించాడు."

"ఆ ప్రశంసాపత్రం?"

"అదీ నిజమేనండీ."

"దాన్ని ఎలకల కన్నానికి పెట్టాను," అంది పిన్ని. ఆ వెంటనే ఫోనులోంచి ఒక పెద్ద నవ్వు వచ్చింది. పిన్ని నవ్వడం నేను ఎన్నడూ వినలేదు. గోదాములో పెట్టెలు మోసేవాళ్ళు ఆగి చూశారు.

అంతటితో అయిపోతే బాగుండేది. అమ్మాయి ఎర్రగడి నొక్కమంది, అది నొక్కితే ఇక్కడ చీటీ వస్తుందని. ఎర్రగడిలో లేదు అని రాసి ఉంది. పిన్ని అది నొక్కనంది.

కాపురానికి వెళ్ళిన కొత్తలో వంటింట్లో నిలబడి పప్పు లేదు అందట. వాళ్ళ అత్తగారు గరిటె కింద పెట్టి, ఇల్లన్నాక ఆ మాట అనకూడదు, నిండుకుంది అనాలి తల్లీ అందట. కోప్పడకుండా చెప్పిందట, అందుకే మనసులో ఉండిపోయింది. అప్పటి నుంచి సరుకున్న గదిలో నిలబడి పిన్ని ఆ మాట అన్నది లేదు. వంటగదికే అంత పట్టింపు ఉంటే, రోగుల మందులున్న గదిలో ఎలా అంటాను అంది.

"అనక్కర్లేదండీ. వేలితో నొక్కితే చాలు."

"నొక్కితే అన్నట్టే."

అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. తన చోటు నుంచి తాను నొక్కడానికి వీల్లేదు, ఏ ఆసుపత్రి మాట ఆ ఆసుపత్రి నుంచే రావాలి. బయట పడమటి నలుపు కుట్టు దాటి తెలుపు మీదికి వస్తోంది. రేకుల మీద ఒకటి రెండు చినుకులు పడ్డాయి. నాకు మంచం అంచున కూర్చున్న అక్క, ఒళ్ళో సంచీ కనబడుతున్నాయి. నోరు తెరవబోయాను. అమ్మాయి చెయ్యెత్తి ఆగమంది.

"సరే పిన్నిగారూ. గడుల మీద మాటలు నా చేతిలోనే ఉన్నాయి. పైవాళ్ళకి రేపు రాసి చెబుతాను. మీరు ఏ మాటైతే నొక్కుతారో చెప్పండి, అదే పెడతాను."

పిన్ని ఆలోచించింది. "పంపండి అని పెట్టు. అడగడానికి నాకేం సిగ్గు లేదు."

"మరి నిండుగా ఉన్నదానికి?"

"చాలు అని పెట్టు. చిన్న మాట. నీ ఇరుకు గడిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది."

అమ్మాయి టకటకా కొట్టింది. మధ్యలో ఉంది అనే పసుపు గడి అలాగే ఉండిపోయింది. కాసేపటికి మా ఆసుపత్రి వరసలో కంటి అద్దాల ఎదురుగా ఉన్న ఆకుపచ్చ ఆరిపోయి ఎరుపు వెలిగింది. ఎరుపు చూసి నేనెప్పుడూ అంత సంతోషపడలేదు. పిన్ని అక్కడితో ఆగలేదు. సెలైన్, చేతి తొడుగులు, కుట్లు వేసే దారం, పిల్లల జ్వరం మందు, ఒక్కొక్కటే ఎర్రబడుతూ తెర కిందికి దిగిపోయింది. ఆదర్శ ఆసుపత్రి మొత్తం పండిన మిరపచేనులా అయింది. అమ్మో అమ్మో అనుకుంటూ అమ్మాయి చీటీలు తీసింది. ఒక్క దూది ఎదురుగా మాత్రం ఆకుపచ్చ వచ్చింది. చాలు.

అద్దాలు అందరికీ ఒకటే కావు, ఒక్కో కంటికి ఒక్కో నంబరు. డాక్టరు రాసిపెట్టిన నంబర్లు పిన్ని ఫోనులో చదువుతుంటే అమ్మాయి తనే గోదాములోకి వెళ్ళి ఒక్కో డబ్బా తీసి, నంబరు పైకి చదివి, పిన్ని ఔనన్నాకే పెట్టెలో పెట్టింది. మా అక్కది వచ్చినప్పుడు ఇది మీ అక్కదన్నా అని నా చేతిలో ఒక్కసారి పెట్టి తీసుకుంది. అగ్గిపెట్టెకి అక్కలా ఉంది, బరువే లేదు.

వ్యాను నిండా సరుకు ఎక్కించాం. అద్దాల పెట్టెని మాత్రం నా పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాను. దారిలో వాన దంచింది. రోడ్డు కనబడనంత వాన. అద్దం తుడిచే పుల్లలు ఇటూ అటూ కొట్టుకుంటుంటే, వాటి మధ్య కాస్త కనబడటం, మళ్ళీ మసకబారడం. అక్క లోకం ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాను. నెమ్మదిగా పోయాను.

పిన్ని స్టోరు గుమ్మంలో గొడుగుతో నిలబడి ఉంది. గొడుగు తనకి పట్టుకోలేదు, పెట్టెకి పట్టింది.

వార్డులో దీపాలు వేశారు. ముసలివాళ్ళిద్దరూ వాన వల్ల కదలకుండా అక్కడే ఉన్నారు, వానే వాళ్ళని ఆపింది. అక్క నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తింది.

"వచ్చాయా?"

"వచ్చాయి."

అక్క సంచీ ఒళ్ళోంచి తీసి మంచం కింద పెట్టింది. మా మౌనస్వామి ఇవాళ ఎన్ని మాటలు ఖర్చుపెట్టాడో ఏమో, ఇక ఏడాది దాకా నోరు తెరవడని బావ వార్డంతటికీ చెప్పాడు.

మర్నాడు ఆపరేషను అయింది. ఆ తర్వాతి పొద్దున కట్టు విప్పే వేళకి నేను వ్యానుతో వచ్చాను. కంప్యూటరమ్మాయి కూడా నాతో వచ్చింది. తన తెర మీద గడులుగా కనబడే అరల్ని ఒకసారి కళ్ళతో చూస్తానంది. పిన్ని ఆమెని పై నుంచి కింద దాకా చూసి, ఇంత చిన్నపిల్లవా, గొంతు విని ఏ ఆఫీసరమ్మవో అనుకున్నాను అని, చెయ్యి పట్టుకుని స్టోరులోకి తీసుకుపోయింది. ఆ పిల్ల దూది చుట్టల మధ్య నిలబడి తాను పంపినవేనా ఇవన్నీ అని అడగడం నాకు బయటికి వినబడింది. ప్రశంసాపత్రం మాత్రం కన్నానికే ఉండిపోయింది. పని చేస్తోంది కదా, తియ్యడం ఎందుకంది పిన్ని.

నర్సు అక్క కంటి మీద గుడ్డ తీసింది. అక్క రెప్పలు కొట్టుకుంది. ముందు కిటికీ వైపు చూసింది. తర్వాత ఎదురుగా నిలబడ్డ బావని చూసింది. చాలాసేపు చూసింది. బావ చొక్కా లాగి సర్దుకున్నాడు.

"ఈ చొక్కా నేను కుట్టిందేనా?" అంది అక్క. "జేబు వంకరగా ఉంది. ఇది వేసుకుని ఊరంతా తిరిగావా?"

"జేబు బాగానే ఉంది. వంకర నాలో ఉంది," అన్నాడు బావ. ఆ మాటకి తనే ముందు నవ్వాడు, అక్క నవ్వలేదు, జేబు చివర పట్టుకుని లాగి చూస్తోంది.

కొన్నాళ్ళు వంగొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అని డాక్టరు వెళ్ళేముందే చెప్పాడు. దగ్గర చూపుకి కళ్ళజోడు తర్వాత ఆసుపత్రిలోనే రాసిస్తారన్నాడు. అన్నాళ్ళూ వంట నేనూ బావా చేశాం. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గడువు తీరాక అక్క కొత్త కళ్ళజోడు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. గుడ్డముక్కకి గుచ్చి ఉన్న సూదుల్లోంచి బావ ఎక్కించిన దారాలన్నీ లాగేసి, ఒక్కో సూదీ వెలుతురుకి పట్టి, తనే మళ్ళీ ఎక్కించుకుంది. అవసరానికి కాదు. ఊరికే.

ఆ ఆదివారం పిన్నినీ కంప్యూటరమ్మాయినీ భోజనానికి పిలిచింది. పొద్దున్నే పళ్ళెంలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. వేళ్ళతో తడమడం లేదు. కళ్ళతో చూసి, గోటితో తీసి, పక్కన పడేస్తోంది. పక్కన రాళ్ళు చిన్న కుప్ప అయ్యాయి. అక్క ఆ కుప్ప వంక చూసి, బావ వంక చూసి, నా వంక చూసింది. మళ్ళీ ఏరుకుంది.

మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చారు. అన్నానికి కూర్చునేదాకా సైకిలు గొలుసుల కథలతో బావ వాళ్ళని నవ్విస్తూనే ఉన్నాడు. వాన లేదు గానీ చూరు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అందరం వరసగా కూర్చున్నాం. అక్క అందరికీ వడ్డించి, తన పళ్ళెం కూడా పెట్టుకుని కూర్చుంది.

బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ ఏదో చెప్పడానికి తలెత్తాడు. నమిలాడు. ఆగాడు. ఇంకో ముద్ద పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. చెప్పబోయింది చెప్పలేదు. తలవంచుకుని తింటున్నాడు. ఆయన మాట్లాడకపోయేసరికి మిగతావాళ్ళు కూడా మాట్లాడలేదు. నేనూ నమిలి తిన్నాను. చూరు నీళ్ళు రాతి మీద పడే చప్పుడు వినబడుతోంది.

అక్క లేచి మారు అన్నం తెచ్చింది. పిన్ని దగ్గరికి వచ్చింది. పిన్ని పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

అక్క గరిటె గాల్లోనే ఆపి, ఆ చేతిని ఒక క్షణం చూసి, పక్క పళ్ళేనికి నడిచింది.